కిటికీ లేని వైపు

మా ఊరి పేరుకి అర్థం పడవ.
పడవ తిరిగే నది మాత్రం కనిపించదు.
నూలుమిల్లుల రంగునీళ్ళు మోసి మోసి కంపుకొడుతోందని
నూరేళ్ళ కిందట దాన్ని ఇటుక గొట్టంలోకి దింపి
పైన వీధి పరిచేశారు.
వూచ్‌లో ఇల్లు సర్దడమంటే అదీ.

జనవరి. నాలుగో అంతస్తు.
హీటర్ మీద మేజోళ్ళు ఆరుతున్నాయి.
రొట్టె కోసే బల్ల మీద
కాలినా కంప్యూటర్ వెల్లకిలా పడుంది, పొట్ట తెరుచుకుని.
ఆ పిల్లకి పదిహేడు.
వేసవంతా స్ట్రాబెర్రీ తోటలో నడుం వంచిన డబ్బు ఇది.
"లోపల ఒక్క తీగ కనపడకూడదు,
అద్దంలోంచి చూస్తే
దానంతటదే నడుస్తున్నట్టుండాలి" అంది.

దానంతటదే!
ఇరవై నాలుగు పిన్నుల తీగ, నా బొటనవేలంత లావు,
ఎటు వంచినా మొండి దూడలా వెనక్కి తన్నుతుంది.
ప్రాసెసర్ తీగ మూల తిరిగేసరికి
ఎప్పుడూ ఒక వేలు పొట్టి.
బటన్ల తీగలు వెంట్రుకవాసి.
పవర్‌దీ రీసెట్‌దీ కవలలు,
నేను తల తిప్పితే చొక్కాలు మార్చుకుంటాయి.
అన్నిటినీ రబ్బరు కన్నాల్లోంచి అవతలికి తోశాను.
అద్దం వైపు నల్లటి నిశ్శబ్దం.
అవతల
పెళ్ళివారు దిగిన విడిది.

రేకు తలుపు మూసుకోదే!
మోకాలితో నొక్కాను.
విందు తిన్నవాడి చొక్కా బొత్తంలా
ఒక స్క్రూ దూరంలో ఆగిపోయింది.

కింది వాటా లుద్వికా అప్పుడే వచ్చింది
జామ్ సీసా తిరిగివ్వడానికి.
ముప్ఫై ఒక్కేళ్ళు మిల్లులో,
మొదట మగ్గం మీద, తర్వాత గుడ్డ తనిఖీలో.
ఆ మోతకి ఎడమ చెవి ఇచ్చేసింది.
అద్దం వంక చూడనైనా చూడలేదు.
"తిప్పు" అంది.
"మొహం అందరూ చూస్తారు.
నాకు జీతమిచ్చింది వీపు చూసినందుకు."

తిప్పాను.
ఏమీ అనలేదు. మూతి ఒక్కటే విరిచింది.
పైన పటారం లోన లొటారం
మొత్తం అందులోనే వినపడింది.

సిగ్గేసి బిగించినవన్నీ విప్పడం మొదలెట్టాను.
జిప్ టైలు కోస్తున్నా, పదకొండు, పన్నెండు,
పదమూడోదానితో పాటు టక్‌మని
ఫ్యానుది, పసుప్పచ్చ తీగ.
రేపు ఆదివారం, కొట్లుండవు.
కాలినా పొద్దున్నే వస్తుంది.
నేను తిట్టిన తిట్టు ఆవిడ మంచి చెవిలోనే పడింది.

"ఇలా తే."
రెండు కొసలూ గోటితో ఒలిచి
వేళ్ళ మధ్య ఏదో చేసింది, నాకు కనపడనే లేదు.
పడుగు తెగితే, పక్కన మేస్త్రీ చూడకముందే వేసే ముడి.
దాని మీద నేను టంకం పెట్టి
నల్ల తొడుగు తొడిగాను.

"లావువి అడుగున. సన్నవి పక్కన.
ఒకదాన్నొకటి తొక్కనీకు.
లాగి కట్టకు అబ్బాయ్,
ముందు తెగేది బిగుతు దారమే."
జిప్ టైలు అవతల పారేసి
తన ఏప్రన్ నాడా కత్తిరించి ఇచ్చింది.
కరెంటు దగ్గర గుడ్డ వద్దన్నాను.
చెడ్డ చెవి నా వైపు తిప్పింది.

ఒంటిగంట దాటాక
రేకు తలుపు నా చెయ్యి పడకుండానే జారి
గాడిలో కూర్చుంది.

పొద్దున కాలినా స్విచ్ నొక్కింది.
నీలం వెలుగు. ఫ్యాను ఒక్క క్షణం ఆలోచించి
తిరిగింది.
"తీగలేవీ!" అని నవ్వింది.
"ఉన్నాయిలే" అన్నాను.
నాడా సంగతి చెప్పలేదు.

దుప్పట్లో చుట్టి, చిన్నప్పటి స్లెడ్జి మీద పెట్టి
ట్రామ్ స్టాపు దాకా లాక్కెళ్ళింది,
నది మీదుగా, మంచు మీద, సర్రుమని.
వీధి మధ్యలో ఒక చోట మాత్రం,
అడుగున వేడినీళ్ళ గొట్టం పోయే దారిలో,
మంచు గీతలా కరిగి రాళ్ళు తేలాయి.
స్లెడ్జి అక్కడ కీచుమని ఆగింది.

కాసేపు చూసి
రెండు చేతులా ఎత్తుకుని దాటింది.