బలపపు బరిణె

ఫిన్లండులో యూకా. మార్చి. కిటికీకి సగం దాకా మంచు.
తరిమెన మీద రాయి తిరుగుతోంది.
పలక మీద అరిగిపోయే బలపమే,
ఈ ఊళ్లో కొండంత ఉంది.
ఉలి తాకితే కీచుమనదు, పిండి రాలుస్తుంది.
తౌనో కనుబొమలు బూడిదగుమ్మడి.

మూత మాత్రం భూర్జ కర్ర.
నొక్కాడు. లోపలి గాలి
సందు వెతుక్కుని ఉఫ్ మంది.

"ఎండాకాలం ఉబ్బి బిగుసుకుంటుంది.
చలికి వదులై గలగలలాడుతుంది.
సరిగ్గా కూర్చునేది ఏడాదికి రెండు వారాలు,
అప్పుడే అమ్మేస్తా!"

అమ్మనిది ఒకటుంది, గూట్లో వెనగ్గా.
అందులో సైమి చెవిమిషను.
జూలైలో ఎంత తిప్పినా రాదు,
తిప్పడు కూడా.
కర్ర తగ్గాలి కదా, అంటాడు

పక్క గదికి వినిపించేంత గట్టిగా,
ఇప్పటికీ.