బేసి సీటు

ఒస్త్రావాలో రాత్రి తొమ్మిదింటికి బస్సెక్కాను.
ఇటలీ తీరం, ఆరు రాత్రులు, ఒక పూట వెనిస్,
పొద్దున కాఫీ, రొట్టె వాళ్లవే.
ధర అరచేయంత అక్షరాల్లో వేశారు.
దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో
ఒంటికాయ సొంఠికొమ్ములు
ఇంకో మూడు వేల కొరూనాలు కట్టాలని.

నిద్రకీ జరిమానా ఉంటుందని
యాభై ఎనిమిదో ఏట తెలిసింది.
ఆసుపత్రి లాండ్రీలో ఇరవయ్యారేళ్లు
నేను ఉతికినవన్నీ ఒంటిమంచం దుప్పట్లే.
వాటిమీద పడుకున్నవాళ్లని
ఎవరూ అదనం అడగలేదు.

బస్సు ఊరు దాటకముందే
రేకు పొట్లాలు గలగలమన్నాయి.
వేయించిన మాంసం, పుల్లదోసకాయ, ఎవరిదో బీరు.
నేనూ తెచ్చుకున్నాను, రెండు ముక్కలు.
రెండెందుకో అడక్కండి.
చేతికి ఆ కొలతే వచ్చు.

ఇరవై మూడు నాది.
ఇరవై నాలుగులో నా కోటు కూర్చుంది.
దానికీ బెల్టు పెడదామా అనుకున్నాను.

గైడు రాదెక్, మీసం ఇంకా ఆలోచనలోనే ఉన్న కుర్రాడు,
రెండు వేళ్లు చాచి జంటలు లెక్కపెడతాడు.
రెండు, నాలుగు, ఆరు...
నా దగ్గరికొచ్చేసరికి
చీకట్లో లేని మెట్టుమీద కాలేసినట్టు తూలి
"ఒకటి" అంటాడు.
తర్వాత మళ్లీ జంటలు.
మొత్తం నలభై ఒకటి. "సరి!" అంటాడు డ్రైవరుతో.
నలభై ఒకటి సరెలా అవుతుంది నాయనా,
నేనుండగా?

రెండో మజిలీకే కిటుకు కనిపెట్టాడు.
జంటలో ఒకరు తప్పితే రెండోవాళ్లు అరుస్తారు.
నేను తప్పితే అరవాల్సింది నా కోటు.
అందుకని లెక్కంతా నామీదికి కుదించాడు.
తల లోపలికి పెట్టి, నన్ను చూసి,
"బ్లాంకాగారున్నారు. పదండి."
బుద్ధెరిగాక ఇంత ముఖ్యమైన మనిషిని ఎప్పుడూ కాలేదు.

మూడో మజిలీ క్లాగెన్‌ఫుర్ట్ దగ్గర, తెల్లవారుజాము మూడున్నర.
అర యూరో వేస్తేగాని మరుగుదొడ్డి తలుపు కదలదు.
క్యూలో అందరూ ఇద్దరిద్దరే,
ఒకరి సంచీ ఒకరు పట్టుకుని.
నా సంచీ నా పళ్ల మధ్య.

బస్సు కదిలింది. సొరంగం. మళ్లీ సొరంగం.
ఏదో తక్కువైంది.
ఏమిటో చాలాసేపు తెలియలేదు.
ముందు సీట్లో కుబీకోవా ముసలమ్మ
కోడిగుడ్డు పెంకు వొలిచే చప్పుడు లేదు.
సరిహద్దు దాటినప్పటినుంచీ వొలుస్తూనే ఉంది ఆవిడ,
పక్కన మొగుడి టోపీ ఊగుతూనే ఉంది.
లేచి చూశాను. రెండు సీట్లూ ఖాళీ.
జంటకు జంటే మాయం.
అరవడానికి ఎవరూ మిగల్లేదు.

అరిచాను.
లాండ్రీ యంత్రాల మీదుగా అరిచి అరిచి కాచిన గొంతు,
బస్సంతా లేచింది.
వెనక్కి తిరగాలంటే ముందు
పంతొమ్మిది కిలోమీటర్లు ముందుకు పోవాలట.
డ్రైవరు పరలోకంలోని పునీతులందర్నీ తిట్టాడు.
"సముద్రం ఎక్కడికీ పోదులెండి" అన్నారెవరో.
పోతుందన్నారు ఇంకెవరో.

వాళ్లక్కడే ఉన్నారు, దీపం కింద బెంచీమీద,
ఆ అర యూరో ఎవరి జేబులోదని పోట్లాడుకుంటూ.
బస్సు వెళ్లిన సంగతే వాళ్లకి తెలీదు.
వచ్చిన సంగతీ అంతంతమాత్రమే.

ఎక్కుతూ ఆవిడ నా చేతిలో గుడ్డు పెట్టింది,
వొలిచింది, తన అరచేతి వెచ్చదనంతో.
"ఎలా కనిపెట్టావమ్మా?"
ఏం చెప్పాలో తెలీక
ఉప్పుందా అనడిగాను.

అప్పటినుంచి రాదెక్ లెక్క నాకే అప్పగించాడు.
వెనిస్‌లో పడవల రేవు దగ్గర, ఎండలో,
ఒక్కో తలకీ ఒక్కో చూపుడువేలు.
నాతో మొదలుపెడతాను. ఒకటి.
జంటలకిది నచ్చలేదు. "మేమిద్దరం" అంటారు.
"తెలుసు. పన్నెండు. పదమూడు" అంటాను.

గదిలో రెండు మంచాలు.
రెంటికీ డబ్బు కట్టాను, రెంటిమీదా దొర్లవచ్చు.
దొర్లలేదు. ఆరు రాత్రులూ కిటికీవైపు మంచమే.
రెండోదాని మీద కోటు కూడా వెయ్యలేదు.
ఈ ఊళ్లో లాండ్రీ ఎక్కడుందో తెలీదు.
అక్కడొక ఆడమనిషికి
ఆ వారం ఒక దుప్పటి తగ్గింది.