పన్నెండో నంబరు గ్యాసు

వాల్వు అలా తిప్పకు, ఇసాయాస్.
ముందు గొట్టం బిగించు, సిలిండరు నోరు తెరువు,
ఆ తరవాతే దీని ఊపిరి తియ్యి.
ఈ ఫ్రిజ్ నీకంటే ఇరవయ్యేళ్లు పెద్దది.
పొట్టలో ఇంకా పన్నెండో నంబరు గ్యాసే.

నీ వయసులో నేను
కిటికీ తెరిచి, గొట్టం కోసి,
సిగరెట్టు వెలిగించుకుంటూ బయటికి నడిచేవాణ్ణి.
ఉస్సుమనేది.
వాసన లేదు, రంగు లేదు, మంట లేదు.
ఇంత మర్యాదస్తురాలైన గ్యాసు ఇంకోటి లేదని
మా మేస్త్రీ మురిసిపోయేవాడు.

ఎనభై ఒకటిలో, పీతల గోదాములో
ఒక్క శీతాకాలంలో తొంభై కిలోలు వదిలాను.
పుంతా అరేనస్ గాలి సంగతి నీకు చెప్పాలా,
మనుషులు కొట్టుకుపోకుండా వీధి మూలల్లో తాళ్లు కట్టే ఊరు.
గాలిలో కలిసిపోయిందిలే అనుకున్నాను.
కలవడమంటే పోవడం కాదని
నాకెవరూ చెప్పలేదు.

అది తీరిగ్గా ఎక్కింది. ఏళ్లు పట్టింది.
వాన దాన్ని కడగలేదు, సముద్రం మింగలేదు.
విమానాలకీ పైన ఎండ దాన్ని చీలిస్తే
లోపలున్న క్లోరిన్ బయటపడింది.
ధ్రువం మీద చలికాలపు చీకట్లో
మంచు మబ్బులు దానికి పదును పెట్టాయి.
సెప్టెంబర్లో మొదటి వెలుతురు పడగానే
ముగ్గురు చేతులు పట్టుకుని నిలబడ్డ చోటికల్లా వెళ్లి
ఒకణ్ణి లాగడం, వాణ్ణి ఇంకెక్కడో వదిలెయ్యడం,
మళ్లీ ఖాళీ చేతులు, మళ్లీ ఇంకో ముగ్గురు.
లక్ష గుంపుల్ని చెదరగొట్టినా
దాని చేతికి మట్టంటదు.

ఆకాశానికి చిల్లు పడితే వాన కురుస్తుందనుకుంటాం.
మాకు ఎండ కారింది.

నువ్వు పుట్టకముందు సంగతి.
ఎండకి కూడా సిగ్నల్ దీపాలు పెట్టారు ఊళ్లో.
ఎరుపు వెలిగితే బళ్లో పిల్లల్ని బయటికి వదిలేవాళ్లు కాదు.
మా నెల్దా పాత కర్టెన్లు కత్తిరించి
వీధి మొత్తానికి టోపీలు కుట్టింది.
గొర్రెల కాపరి అన్సెల్మో ఎడమ చెవి సగం కోసేశారు.
డాక్టరు వయసన్నాడు, ఎండన్నాడు, తెల్లతోలన్నాడు.
నీ గ్యాసని నన్నెవరూ అనలేదు.
నేనూ అనలేదు.
అప్పట్నుంచి వాడి బీరు డబ్బులు మాత్రం నేనే ఇస్తున్నాను.
ఎందుకని వాడెప్పుడూ అడగలేదు.

ఎనభై ఏడులోనే మాంట్రియల్‌లో సంతకాలు పెట్టారట.
ఆ సిరా మా వీధిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.
ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఈ యంత్రం చూపించింది.
లోపల్లోపల తిట్టుకున్నాను.
గంట పని మూడు గంటలయింది, కూలి పెరగలేదు.
ఇప్పటికీ కొన్నిరోజులు తిట్టుకుంటాను.

కంత పూడుతోందంటున్నారు.
ఒక ఏడు ముడుచుకుంటుంది, ఒక ఏడు మొండికేస్తుంది.
రెండువేల అరవై ఆరుకి పాత కొలతకొస్తుందట.
నీకు అప్పటికి నా అంత మోకాళ్ల నొప్పులుంటాయి.
నేనుండను.
నేను వదిలింది కాస్త ఉంటుంది,
ఎవరూ దీవించకుండానే
దానికి నూరేళ్ల ఆయుష్షు.

ఎంతొచ్చింది?
నూట పది గ్రాములా? రాయి.
అప్పుడే గొట్టం తియ్యకు.
కంప్రెసర్ మీద వేణ్ణీళ్ల గుడ్డ కప్పు.
నూనెలో ఇంకా కొంచెం
దాక్కుని ఉంటుంది.