రెండో బ్రేకు

క్లైవ్ ఓర్మరాడ్ కారుకి రెండు బ్రేకులు.
ఒకటి నా కాలికింద, నేను మరిచిపోయేది.
ఇంకొకటి ఆయన కాలికింద.
పద్నాలుగేళ్ళు జీతానికి బంతి తన్నిన కాలు అది,
మోకాలిచిప్ప వెనక గుజ్జు మిగలని కాలు.

నలభై మూడేళ్ళకి డ్రైవింగు నేర్చుకుంటున్నాను,
కీత్లీలో, ఎటు తిరిగినా ఎత్తే ఉన్న ఊళ్ళో.
"ఎత్తుమీద ఆగి మళ్ళీ కదలడం,
అదొక్కటి వస్తే చాలు" అంటాడు.
నాకదే రాదు. కారు వెనక్కి జారుతుంది,
వ్యాను హారను వీపులో గుచ్చుకుంటుంది,
ఆయన కాలు మెల్లగా కిందికి దిగుతుంది.
పల్లెత్తు మాట అనడు.
పదివేలమంది ఒక్కగొంతుతో తిట్టగా విన్నవాడికి
ఒక వ్యాను హారనెంత?

రివర్స్ పార్కింగు ఆదివారం సాయంత్రాలు,
సూపర్ మార్కెట్ మూసేశాక.
అదే ఆయన ఆడిన మైదానం.
అదిగో, బ్రెడ్డు అరల దగ్గర ఉత్తరపు గోలు,
డీజిలు కొట్టేచోట మా బట్టల గది,
ట్రాలీల పక్కన రెండో గడి పెనాల్టీ చుక్క.
"అక్కడే ఒకటి పోగొట్టాను. డెబ్భై తొమ్మిది. వాన.
మిల్లులో మా నాన్నతో ఎవరూ మాట్లాడలేదు,
ఇంట్లో మా నాన్న నాతో మాట్లాడలేదు."
నేను గడిలోకి వంకరగా దూరాను.
"బారుకి తగిలింది, మళ్ళీ తీయి" అన్నాడు.

ఆట ఆగాక ఏం చేశారని అడిగాను.
తివాచీలు అమ్మాడట. పబ్బు నడిపాడట,
తర్వాత పబ్బే ఆయన్ని నడిపిందట,
భార్య మోరీన్ తాళాలు లాక్కునేదాకా.
"శనివారం మూడింటికి ఏం చెయ్యాలో
ఎవరూ చెప్పలేదు, లవ్.
మొదటి ఏడాది ఆ వేళకి స్నానాలగదిలోకి పోయి
గడియ పెట్టుకుని కుళాయిలు రెండూ తిప్పేసేవాణ్ణి,
అరుపులు వినపడకుండా."

నా పని మందుల షాపులో.
మార్చిలో ఒక మంగళవారం
చీటీమీద ఆయన పేరు.
ఐదు మిల్లీగ్రాములు, రాత్రి పడుకోబోయే ముందు.
అది ఏ జబ్బుకో నాకు తెలుసు.
ఆయన కొట్టిన గోల్స్ పదకొండని
ఎక్కడో రాసిపెట్టి ఉంది.
నుదుటితో ఎన్ని వేల బంతులు ఆపాడో
ఎవరూ రాయలేదు.
లేబులు అంటించాను. సంచీ అంచు రెండుసార్లు మడిచాను.
మోరీన్ వచ్చి పట్టుకెళ్ళింది, నన్ను ఎరగదు.
ఎవరి చీటీ గురించీ నోరెత్తకూడని ఉద్యోగం.

అయినా గురువారం పాఠానికి వెళ్ళాను.
ఎందుకు వెళ్ళానో, ఆ తర్వాత కూడా ఎందుకు మానలేదో
ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
"ఎడమకి తిప్పు" అన్నాడు.
ఎడమన గోడ.
ఆపాను. మొదటిసారి, నా బ్రేకుతో నేనే.
ఆయన ఆ గోడకేసి చాలాసేపు చూశాడు,
ఫ్రీకిక్కు ముందు సందు వెతికినట్టు.
"ఇక్కడ వీధి ఉండేది."
ఉండేదేమో.

జూన్‌లో కారు అమ్మేశాడు. మోకాలు, అన్నాడు.
మోకాలే అన్నాను నేనూ.

నాలుగోసారికి పాసయ్యాను.
ఇప్పుడు ఆదివారాలు నా పాత చిన్నకారులో
ఆయన్ని ఎక్కించుకుని ఊరిపైకి తీసుకెళ్తాను.
పాసయ్యావా అని అడుగుతాడు. అయ్యానంటాను.
శాలువాలాగా మెడకి కట్టిన సీటుబెల్టుని
రెండుసార్లు సర్దుకుంటాడు.
ఎత్తుమీద ఎర్రదీపం పడుతుంది.
ఎడమ సీటుకింద ఉత్త రబ్బరుచాప.
దానిమీద ఆయన పాదం దిగుతుంది,
మడమ నొక్కి, మెల్లగా, తొందర లేకుండా.
కారు జారదు.
"చూశావా, పట్టుకున్నాను."
పట్టుకున్నారు, అన్నాను.
పచ్చదీపం.