ఉప్పు తిన్నవాళ్ళు

వాల్దివియాలో వానకి సెలవుల్లేవు.
సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం రెండింటికి
నాలుగు చేతులకి సూదులు గుచ్చుతాను.
నాలుగు యంత్రాలు తిరగడం మొదలెడతాయి.
అప్పుడు రిమోట్ అడుగుతుంది నోల్ఫా.

గోడ మీద టీవీ ఒకటే.
టర్కీ సీరియల్, స్పానిష్ గొంతులు.
పెదాలు ఆగిపోయాక కూడా మాట కాసేపు నడుస్తూ ఉంటుంది,
అబద్ధమాడేవాళ్ళకి అది భలే అతుకుతుంది.

కథ చిన్నదే. మొగుడి కోటు జేబులో
చెప్పులు బాగుచేసే కొట్టు రసీదు:
ఎర్రవి, ఆడవాళ్ళవి, ఎడమ మడమ విరిగింది.
పెళ్ళానికి ఎర్ర చెప్పుల్లేవు.
ఆ చిన్న కాగితం మీద ముప్ఫై ఎపిసోడ్లు నడిచాయి.
అసలు కథ ఆ తర్వాతే అంటుంది నోల్ఫా.
ఇల్లెవరికి, పిల్లాడెవరికి,
పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించిన సగం ఏ సొరుగులోకి.

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే!"
చెయ్యి కదపకుండా కోప్పడ్డం నేర్చిన మనిషి.
గది ఒక్క క్షణం ఆగింది, తర్వాత ఫక్కున నవ్వింది.
ఇక్కడెవరికీ ఉప్పు లేదు, నీళ్ళూ లేవు.
రోజుకి మూడు గ్లాసులు,
మరీ ఆగలేకపోతే నాలుక మీద ఒక మంచుముక్క.

రెమీహియో ఒకప్పుడు పడవల మెకానిక్కు.
మొగుడి తరఫు వకాల్తా ఎప్పుడూ ఆయనదే.
"నా రక్తం చూడు, గొట్టంలోంచి బయటపడి
ఊరంతా తిరిగి ఇల్లు చేరుతుంది.
ఎక్కడికెళ్ళొచ్చావని గుండె అడుగుతుందా?"
"అది కడిగించుకుని వస్తుందయ్యా," అంది నోల్ఫా,
"వాడు కడుక్కుని వచ్చాడా?"

యెర్కోకి పందొమ్మిదేళ్ళు.
చెవుల్లో వైర్లు పెట్టుకుని చూడనట్టే ఉంటాడు.
ఆ రెండో ఆమెకి జ్వరమొచ్చిన రోజు మాత్రం
వైర్లు పీకేసి అడిగాడు,
"ఈమెని చూడ్డానికి ఎవరూ రారా?"
ఎవరూ జవాబు చెప్పలేదు.
ప్రకటనలొచ్చాయి, సబ్బుదొకటి, పెళ్ళి ఉంగరాలదొకటి.

మూడో కుర్చీ ఒతీలియాది.
ఆవిడ మొగుడు ఆర్సేనియో వసారాలో
గొడుగు ఒళ్ళో పెట్టుకుని నాలుగు గంటలూ కూర్చుంటాడు.
ఆరింటికి లోపలికొచ్చి, వంగి,
ఆవిడ కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు తొడుగుతాడు.
మొగుడంటే అలా ఉండాలి అని
నేనే ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక బుధవారం నోల్ఫా అడిగేసింది,
"నువ్వేమీ అనవేం? నువ్వైతే ఏం చేసేదానివి?"
ఒతీలియా తెర వైపు చూసింది, తలుపు వైపు చూసింది.
"రసీదు మళ్ళీ జేబులో పెట్టేసేదాన్ని."
యంత్రం ఒక చుట్టు తిరిగింది.
"పెట్టేశాను," అంది.
ఇంకాసేపటికి నాతో,
"సౌండు తగ్గించు పాపా, ఆయనకి వినిపిస్తుంది."

ఆ పూట ఎవరూ ఎవరి పక్షమూ తీసుకోలేదు.
రెమీహియో కిటికీ వైపు తిరిగి
నదిలో లేని పడవేదో చూస్తూ ఉండిపోయాడు.

జూన్ రెండో వారం మూడో కుర్చీకి కొత్త దుప్పటి వేశాను.
సీరియల్ ఆ శుక్రవారమే అయిపోయింది.
చివర్లో ఆమె గుమ్మం దగ్గర నిలబడి నోరు తెరుస్తుంది,
తెర తెల్లబడుతుంది.
మోసం, అన్నాడు రెమీహియో.
నోల్ఫా ఏమీ అనలేదు, అదే నాకు వింత.

తర్వాతి బుధవారం రెండింటికి ఆర్సేనియో వచ్చాడు.
గొడుగు దులిపి, మూలన ఆనించి,
బల్ల మీద జాబితా చూసుకుంటున్న నా దగ్గరికొచ్చి
మెల్లిగా అడిగాడు,
"ఆవిడ క్షమించిందా చివరికి?"

నేను చూశాను. మొత్తం చూశాను.
"ఆ పూట నాకు సెలవు," అన్నాను.

తలూపి తన కుర్చీలో కూర్చున్నాడు.
లోపల కొత్త సీరియల్ మొదలైంది,
సౌండు పెంచమని నోల్ఫా కేక.
నేను పెంచలేదు.

ఆరింటికి కోటు జేబులోంచి
ఉన్ని మేజోళ్ళు తీశాడు.
ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు సరిచేసి,
మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.