ఆగిన బొమ్మ

మంగళవారం, నాలుగో పిలుపు.
బిష్కెక్‌లో నా గది, కిటికీ కింద ట్రాలీబస్సుల గోల.
తెర మీద నరీన్ కొండల్లో ఒక వంటిల్లు:
గోడకు ఎర్ర కంబళి, పొయ్యి మీద కెటిల్,
ఏడేళ్ళ బెగిమాయ్, రెండు జడలు,
ఒక జడకే రిబ్బను.

బడి నుంచి వచ్చిన కాగితం
తల్లి బురుల్ చదివి వినిపించింది:
"పరధ్యానం. పిలిస్తే పలకదు.
లెక్క మధ్యలో కలం ఆపేస్తుంది."
చదువుతూ తనే తలొంచుకుంది,
ఆ తప్పేదో తనదే అన్నట్టు.

నా సుత్తి సొరుగులోనే ఉంది.
ఆరు గంటల దారికి అవతలున్న మోకాలిని
ఏ చేత్తో తట్టను?
"నడిపించండి" అన్నాను.
ఫోను వంచితే పాదాలొచ్చాయి, తల పోయింది.
"ముక్కు తాకమ్మా" అన్నాను.
తాకింది. ఆనక ఫోను కన్నూ తాకింది.
ఆ వేలి జిడ్డు చివరిదాకా
మా మధ్య మబ్బుతునకలా ఉండిపోయింది.

"ఇప్పుడు ఊదు. వేడి పాలు చల్లార్చినట్టు.
ఊదు, ఇంకా, ఇంకా..."
రెండో నిమిషంలో
బొమ్మ ఆగిపోయింది.

నెట్ పోయిందనుకున్నాను. కొండల్లో మామూలే.
మళ్ళీ కలుపుదామని
నా వేలు ఎర్ర గుండీ మీదికి వెళ్ళింది.
అప్పుడు చూశాను,
ఆమె భుజం వెనక, కెటిల్ మూతి నుంచి
ఆవిరి తాపీగా పైకి పోతోంది.

ఆగింది బొమ్మ కాదు. పిల్ల.
పెదవులు సున్నా చుట్టినట్టే ఉన్నాయి,
రెప్పలు మాత్రం సన్నగా కొట్టుకుంటున్నాయి.
ఏడు, ఎనిమిది, తొమ్మిది...
పన్నెండు దగ్గర తిరిగొచ్చింది.
ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఊదడం మొదలెట్టింది.

"ఇదే" అంది బురుల్. "ఇదే. ఇదే."
ఏడాదిగా తనొక్కతే చూసినదాన్ని
ఇంకొకరు చూశారు.
స్వెటర్ చేతితో ముఖం తుడుచుకుని
పొయ్యి తగ్గించడానికి లేచింది.

మందు పేరు అక్షరం అక్షరం చెప్పాను.
గురువారం వ్యానులో వస్తుంది,
సీసా గడ్డకట్టకుండా
డ్రైవరు కోటు లోపలి జేబులో.
బడికి కూడా ఒక చీటీ రాశాను:
"వినకపోవడం కాదు.
ఆ కాసేపూ తను అక్కడ ఉండదు.
కోప్పడకండి. వచ్చేదాకా ఆగండి."

ఐదో పిలుపు మోగుతోంది.
వెంటనే తీయలేకపోయాను.
ఈ మూడేళ్ళలో
నెట్ పోయిందని విసుక్కుని
నేను తెంపేసిన పిలుపులు ఎన్నో.
వాటిలో ఎన్నిటి వెనక
ఆవిరి కదులుతూనే ఉందో.