చేతులు కాలాక

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?
మా పెద్దమ్మ ఎవర్ని దెప్పాలన్నా ఇదే సామెత.
పెద్దమ్మా, నేను చేసే ఉద్యోగం సరిగ్గా అదే.
పంతొమ్మిదేళ్ళుగా, వేక్‌ఫీల్డ్‌లో,
కాలిన తర్వాతే నన్ను పిలుస్తారు.

ఏడో నంబరు గదిలో హెడ్లీ ఓల్డ్‌రాయిడ్.
చేపలూ చిప్సూ వేయించే కొట్టు.
సలసల కాగే కొవ్వు బాణలి ఒరిగి
కుడి చెయ్యి, మణికట్టు నుంచి మోచేతి దాకా,
కొంచెం చెవి.
ముందు వెన్న రాసుకున్నాడట,
వాళ్ళమ్మ అదే రాసేదట.
నేను కసురుకోలేదు.
మా ఇంట్లో సిరా పోసేవాళ్ళు.

నాలుగో రోజుకి వచ్చాడు.
కట్టు విప్పగానే తియ్యటి వాసన,
మగ్గిన ద్రాక్షపళ్ళ బుట్ట
ఎవరో గదిలో పెట్టి మరిచిపోయినట్టు.
గుడ్డ మీద చిలకపచ్చ మరక.
గాయం తియ్యగా వాసనేస్తే
ఈ వార్డులో నవ్వులు ఆగిపోతాయి.

తెల్లటి లేపనం, వెడల్పు మూతి డబ్బా.
చెక్క చెంచాతో తీసి
రూపాయి బిళ్ళంత మందాన పరుస్తాను.
కింద ఎరుపు కనపడిందంటే
చాల్లేదన్నమాట, ఇంకొంచెం.
గోడకి సున్నం వేసే మేస్త్రీకి తెలుస్తుంది ఈ పని.

"ఇందులో వెండి ఉంది" అన్నాను.
"వెండా? వెండి పెళ్ళిరోజుకి ఏడాది ఉందనగా
మావిస్ వెళ్ళిపోయింది, లవ్.
నాకు రాసిపెట్టిన వెండి ఇదే కాబోలు."
లవ్ అంటాడు అందర్నీ,
నేల తుడవడానికొచ్చే కుర్రాణ్ణి కూడా.

రాయడం తేలిక.
ఎవరూ చెప్పని సంగతి, తియ్యడం.
పొద్దున్నే గోరువెచ్చటి ధార కింద
నిన్నటి మందు ఊడదీయాలి.
గాయం ఊటతో కలిసి అది
పసుపూ కాని బూడిదా కాని పొరై
అంటుకుని ఉంటుంది.
కొత్త డాక్టరమ్మ చూసి, చీము అంది.
చీము కాదమ్మా, నిన్న నేను రాసిందే.
కడిగేయకపోతే దాని కింద
ఏం పెరుగుతోందో మనకి కనపడదు.

చెవికి వేరే మందు.
అక్కడ నెత్తురు తక్కువ, మెత్తటి ఎముక,
మందు లోపలికి దిగాలి.
"మండుతుంది" అని ముందే చెప్తాను.
పుండు మీద కారం అంటే
మా భాషలో కసాయితనం.
ఇక్కడ చీటీ మీద రాసి, సంతకం పెట్టి,
రోజుకి రెండుసార్లు.
ఆయన మంచం కమ్మీ పట్టుకుని
తన కొట్టు బోర్డు గట్టిగా చదువుతాడు:
కాడ్ ఇంత, హాడక్ ఇంత,
బఠాణీల గిన్నె ఇంత,
ఉప్పూ వెనిగరూ ఊరికే.
వెనిగర్ దగ్గరికొచ్చేసరికి మంట తగ్గుతుంది.
ఒక్కోరోజు బోర్డు రెండుసార్లు చదవాలి.

రాత్రి ఇంట్లో పోపు వేస్తూ
ఆవాలు చిటపటమన్నప్పుడల్లా
ఒక అడుగు వెనక్కి వేస్తాను.
మా ఆయన నవ్వుతాడు.
ఆయనకి కనపడేది పప్పుచారు.
నాకు శుక్రవారం సాయంత్రం,
వీధి చివరిదాకా వరస,
నేల మీద తడి, తొందర,
ఒరుగుతున్న బాణలి.

తొమ్మిదో రోజు గుడ్డ మీద పచ్చ లేదు.
వంగి వాసన చూశాను.
ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం ఎంత బాగుందో.
అంచుల్లో దానిమ్మ గింజల్లా ఎర్రటి కండ.
స్వాబ్ రిపోర్టు ఇంకా రాలేదు.
మంచిదే వచ్చినా, గురువారం
తొడ నుంచి చర్మం తీసి అతకాల్సిందే.
మందు చర్మాన్ని మొలిపించదు,
వాకిట్లో కుక్కల్ని అదిలిస్తూ కూర్చుంటుంది.

కట్టు కడుతూ పెద్దమ్మ సామెత చెప్పాను,
ఎందుకో.
ఆయన కాసేపు ఆలోచించి అడిగాడు:
"ఏ ఆకులు?"

ఏ ఆకులో పెద్దమ్మ చెప్పలేదు.
నేనూ ఎప్పుడూ అడగలేదు.
డబ్బా మీద తెరిచిన తేదీ రాసి
మూత బిగించాను.